గమ్మునుంటే ఆకే

రామచిలుక ఏ రంగంటే చంటిపిల్లలు కూడా చెబుతారు. బట్టల కొట్లో చిలకపచ్చ చీర చూపించమంటే కుర్రాడు తడుముకోడు. అంత తెలిసిన రంగు అది. ఆ రంగు పక్షికి ఏం పని చేసిపెడుతుందో, అసలు ఎక్కడుంటుందో మాత్రం నాకు తమిళనాడులోని ఆంబూరు పక్కన పాలారు ఏటి ఒడ్డున తెలిసింది. తెలిశాక చిలుకనే కాక, దేన్నయినా చూసే తీరు కొంత మారింది. ఆ మారిన తీరు గురించే ఈ నాలుగు మాటలు.

ఆంబూరంటే బయటివాళ్లకు బిర్యానీ, తోలు. చెన్నై-బెంగళూరు రోడ్డు మీద పోయేవాళ్లకు కనిపించేవీ అవే: వరసగా బిర్యానీ హోటళ్లు, చెప్పుల కంపెనీల బోర్డులు. రోడ్డు దిగి ఏటి వైపు నడిస్తే వేరే ఆంబూరు ఎదురవుతుంది. కొబ్బరితోపులు, వేరుశనగ చేలు, గట్ల మీద వేప, కానుగ, చింత. దక్షిణాన జవ్వాది కొండలు. ఉత్తరపు కొండలెక్కి దిగితే చిత్తూరు జిల్లా. 2019లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఆంబూరు తిరుపత్తూరు జిల్లాలోకి వెళ్లింది, పక్కనున్న గుడియాత్తం వేలూరు జిల్లాలోనే ఉండిపోయింది. రెండు చోట్లా బజార్లో తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. పాలారు ఏడాదిలో చాలా భాగం వట్టి ఇసకే. ఆ ఇసక అంచున, నీళ్లు ఎంత లోతున ఉన్నా వేళ్లు దించి బతికే పెద్ద చెట్లున్నాయి. చిలుకలు ఉండేది వాటి మీదే.

గట్టున ఒక రావిచెట్టు ఉంది. కాయలు పండే రోజుల్లో పొద్దున్నే చిలుకల గుంపు దాని మీదికి వస్తుంది. రావడం గుట్టుగా రాదు. ఊరంతా వినబడేలా అరుచుకుంటూ, కొబ్బరిచెట్ల తలల మీదుగా దూసుకొచ్చి, చెట్టు చుట్టూ ఒక మలుపు తిరిగి, తోకలు విప్పి వాలుతుంది. వాలిన మరుక్షణం అరుపు ఆగిపోతుంది. అరుపుతో పాటు పక్షులూ మాయమవుతాయి. కళ్లముందే అన్ని పక్షులు దిగిన చెట్టులో ఎంత వెతికినా ఆకులే కనిపిస్తాయి. కాసేపటికి సగం కొరికిన కాయలు, తొక్కలు టపటపా రాలడం మొదలవుతుంది. పైన ఎవరో ఉన్నారనడానికి అదొక్కటే గుర్తు.

తోపు కాపలా చూసే పెద్దాయన నా అవస్థ చూసి దగ్గరికొచ్చాడు.

"ఏం వెతుకుతా ఉండావప్పా?"

"చిలకలు తాతా. ఇప్పుడే వాలినాయి, ఒక్కటీ కనపడలేదు."

ఆయన పైకి చూడనైనా లేదు. "కదిలితే చిలక. గమ్మునుంటే ఆకే గదప్పా. కాయ యాడ నుంచి రాలతా ఉందో ఆడ చూడు."

అలాగే చూశాను. రాలుతున్న తొక్కల వెంట చూపును పైకి పాకించగా, ఒక కొమ్మ చివర మొదట ఎర్రటి ముక్కు కదిలింది. తర్వాత కంటి చుట్టూ ఉన్న సన్నటి ఎర్ర అంచు తెలిసింది. ఆ తర్వాత గానీ మిగతా పక్షి ఆకుల్లోంచి విడివడలేదు. ఒకటి దొరికాక దాని పక్కన రెండోది, కింది కొమ్మ మీద తలకిందులుగా వేలాడుతూ మూడోది దొరికాయి. అన్నీ మొదటి నుంచీ నా ఎదురుగానే ఉన్నాయి.

అప్పుడు నింపాదిగా గమనిస్తే ఒక్కొక్కటీ అర్థమైంది. చిలుక ఒంటి మీద పచ్చ ఒకే పచ్చ కాదు. వీపు కొంచెం ముదురు, పొట్ట పసుపు కలిసిన లేత. చెట్టు మీద వెలుగు పైనుంచి పడుతుంది కాబట్టి ఏ ప్రాణికైనా వీపు మెరుస్తుంది, పొట్ట నీడలో పడుతుంది. ఆ వెలుగునీడల తేడా వల్లే మన కన్ను గుండ్రటి ఒళ్లున్న దాన్ని పసిగడుతుంది. నీడపడే చోట లేత రంగు ఉంటే ఆ తేడా సర్దుకుపోతుంది, ఒంటి గుండ్రదనం చెరిగి ఆకులా చదునుగా కనిపిస్తుంది. తోక కూడా అంతే. సన్నగా, పొడుగ్గా, కొస తేలిన ఆ తోకను ఆకుల సందున చూస్తే పక్షి తోక అని ఎవరికీ తట్టదు.

నడకలోనూ ఒక నేర్పుంది. పిచ్చుకలా చిలుక గెంతదు. ముక్కుతో ఒక రెమ్మ పట్టుకుని, ఒక కాలు వేసి, రెండో కాలు తెచ్చుకుని ఒంటిని నెమ్మదిగా జరుపుకుంటుంది. చిలుకలు నిటారుగా ఎక్కేటప్పుడు ముక్కును ఊరికే ఊతంగా వాడవనీ, కాలితో సమానంగా ఒంటి బరువును దానితో పైకి లాగుతాయనీ 2022లో అమెరికా పరిశోధకులు చిన్న చిలుకల మీద కొలిచి చూపించారు. మూడు కాళ్ల మీద నడిచినట్టు ఇలా పాకే పక్షి కింద ఆకు పెద్దగా ఊగదు. రంగు ఎంత కలిసినా కొమ్మ ఊగితే దొరికిపోవలసిందే.

నేనున్నప్పుడే ఒకసారి డేగ ఏటి మీదుగా వచ్చింది. రాలుతున్న తొక్కలు కూడా ఆగిపోయాయి. చెట్టంతా ఊపిరి బిగబట్టినట్టయింది. డేగ ఒక చుట్టు తిరిగి కొండ వైపు పోయింది. అది పోయిన చాలాసేపటికి గానీ మళ్లీ మొదటి కాయ రాలలేదు. పెద్దాయన మాటలో ఎంత లోతుందో అప్పుడు పట్టుబడింది. దాగడంలో రంగు సగం పని చేస్తే, మిగతా సగం గమ్మునుండడమే చేస్తుంది.

ఆ చెట్టు కిందే ఒక చిన్న ఈక దొరికింది. అరచేతిలో పెట్టుకుని చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపించింది. ఈక కొస మాత్రమే పచ్చ. కింద సగం పైగా బూడిదరంగు నూగు. ఒంటి మీద ఈకలు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కప్పుకుని ఉంటాయి కాబట్టి బయటికి కనబడేంత మేరకే రంగు ఉంది. కనబడని చోట రంగు ఖర్చు పెట్టలేదు. ఎండకు అడ్డంగా పట్టి చూస్తే ఆ కొస పచ్చదనం కూడా తగ్గి మాసిన పసుపులా కనిపించింది.

ఎందుకలా అని చదువుతూ పోతే తెలిసిన విషయం నన్ను ఆపేసింది. చిలుక ఈకలో ఆకుపచ్చ రంగు పదార్థమంటూ ఏదీ లేదు. ఉన్నది పసుపు. చిలుకలు మాత్రమే సొంతంగా తయారు చేసుకునే పసుపు అది. చాలా పక్షులు పసుపు, ఎరుపు రంగులను తిన్న తిండిలోంచి తెచ్చుకుంటాయి. చిలుకలు మాత్రం ఈక మొలిచే చోటే తమ రంగును తాము వండుకుంటాయి. ఈ పని చేసే జన్యువును 2017లో బడ్జెరిగార్లలో గుర్తించారు. పెంపుడు పక్షుల కొట్లలో అందరూ చూసే చిన్న చిలుకలే అవి. ఈకలో పసుపు ఎంత, ఎరుపు ఎంత అన్నది ఒక ఎంజైమ్ నిర్ణయిస్తుందని 2024లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది.

మరి ఆకుపచ్చకు కావలసిన నీలం? అది రంగే కాదు. ఈక పోగు లోపల స్పాంజిలా సన్నటి గాలి రంధ్రాలుంటాయి. వెలుగు వాటికి తగిలి చెదిరినప్పుడు నీలం వెనక్కి వస్తుంది, మిగతాది లోపలున్న నల్లటి పొర మింగేస్తుంది. సర్ సి.వి. రామన్ తాను బెంగళూరులో అకాడమీ స్థాపించిన 1934లోనే పక్షి ఈకల రంగుల మీద ఒక వ్యాసం రాశారు. ఆయన పరీక్షించిన ఈకల్లో మన పాలపిట్ట ఈకలున్నాయి. పాలపిట్ట రెక్కలో నీలం వచ్చినట్టే చిలుక ఈకలోనూ నీలం వెలుగు వల్లే పుడుతుంది. దాని మీద పసుపు పొర పడేసరికి మనకు పచ్చగా కనిపిస్తుంది. పసుపు లోపించిన చిలుక నీలంగా పుడుతుంది. నల్లటి పొర లోపించినది పసుపుపచ్చగా పుడుతుంది. పంజరాల వ్యాపారంలో ఎక్కువ ధర పలికే నీలి చిలుకలు, పసుపు చిలుకలు ఇవే. అడవిలో అయితే ఆ రంగుతో ఒక్క డేగ కంటి నుంచి కూడా తప్పించుకోవడం కష్టం.

కాబట్టి చిలుక పచ్చ ఏ ఒక్కదానిలోనూ లేదు. పసుపు, గాలి రంధ్రాలు, నల్లటి పొర, పైనుంచి పడే ఎండ కలిసినప్పుడే అది ఉంటుంది. ఇందులో ఏది తీసినా పోతుంది.

దీనికి చూసే కన్ను కూడా తోడవుతుంది. మన కంట్లో రంగు పట్టే కణాలు మూడు రకాలు. పక్షులకు నాలుగు. మనకు కనబడని అతినీలలోహిత కాంతి చిలుకలకు కనబడుతుంది. బడ్జెరిగార్ల నెత్తి మీద, చెంపల మీద ఉండే పసుపు ఈకలు ఆ కాంతిని పీల్చుకుని మెరుస్తాయి. 2002లో కొందరు శాస్త్రవేత్తలు ఆ ఈకలకు ఎండ తగలకుండా మనం పూసుకునే క్రీము పూసి చూశారు.  జత కోరే పక్షి క్రీము పూసినదాన్ని వదిలి పూయని దాని వైపు వెళ్లింది. గద్ద, డేగ జాతుల కళ్లు ఆ కాంతిని అంత బాగా పట్టలేవు. అంటే ఒకే ఈక శత్రువు ముందు ఆకుగా ఉంటూనే తోటి చిలుకకు కబురు చెప్పగలదు.

ఆస్ట్రేలియా ఉత్తర కొస అడవుల్లో, న్యూగినీలో ఉండే ఎక్లెక్టస్ చిలుకల్లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మగది నిగనిగలాడే పచ్చ, ఆడది ఎరుపు, నీలం. రెండూ రెండు వేరే జాతులని ఒకప్పుడు అనుకున్నారు కూడా. ఈ తేడాకు కారణం 2005లో తేలింది. ఆడది నెలల తరబడి తొర్ర దగ్గరే కాపలా ఉంటుంది. మంచి తొర్రలు తక్కువ కాబట్టి, ఇది నాదని దూరానికి తెలిసేలా ఎర్రగా ఉండడం దానికి లాభం. అపాయం వస్తే వెనక తొర్ర ఉండనే ఉంది. మగది తిండి కోసం రోజంతా చెట్ల మీద తిరగాలి, కాబట్టి దానికి ఆకు రంగు. ఒకే జాతి అయినా ఎవరు గడిపే చోటుకు తగ్గ రంగు వాళ్లకు వచ్చింది.

మన రామచిలుకలోనూ ఆడమగ తేడా ఉంది, కాకపోతే సన్నది. మగదానికి మూడో ఏడు దాకా మెడలో నలుపు, గులాబీ వలయం పూర్తిగా రాదు. ఆడదానికి, పిల్లలకు అంత స్పష్టమైన వలయం ఉండదు. గుడ్ల సంగతి ఇంకా ముచ్చటైనది. కాకి గుడ్డు మీద, టిట్టిభం గుడ్డు మీద మచ్చలుంటాయి. టిట్టిభం నేల మీద గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది, అవి రాళ్లలో కలిసిపోవాలి. చిలుక గుడ్లు మాత్రం తెల్లగా ఉంటాయి. చెట్టు తొర్రలో చీకటిలో ఉండే గుడ్డుకు ఇంకో ముసుగు అక్కర్లేదు. దాచే పని తొర్ర చేస్తోంది.

ఇక్కడికి వచ్చేసరికి ఈ సంగతులన్నీ నాకు ఒకే మాట చెబుతున్నట్టు అనిపించింది. చిలుకకు రంగు ఉందని అంటాం. నిజానికి చిలుకకు, దాని చెట్టుకు, దాని మీద పడే ఎండకు, దాన్ని వెతికే కంటికి మధ్య ఉన్న ఒప్పందమే ఆ రంగు. ఏ ఒక్కరు పక్కకు తప్పుకున్నా ఒప్పందం చెల్లదు.

చెల్లకపోతే ఏమవుతుందో న్యూజిలాండ్ కాకాపో కథ చూపిస్తుంది. ఎగరలేని ఆ పెద్ద చిలుక రాత్రిపూట నేల మీద తిరుగుతుంది. ఒళ్లంతా నాచు రంగు, మీద గోధుమ, నలుపు మచ్చలు. ఒకప్పుడు దాని శత్రువులు ఆకాశంలోంచి కంటితో వెతికే గద్దలే. కదలకుండా నిలబడితే చాలు, బతికిపోయేది. మనుషులు వచ్చాక వాళ్ల వెంట ఎలుకలు, పిల్లులు, ముంగిస లాంటి స్టోట్లు వచ్చాయి. అవి వాసన పట్టి వేటాడతాయి. కాకాపో మాత్రం పాత అలవాటు ప్రకారం నిలబడిపోయింది. దాని ఈకల్లో నాచు రంగు ఏమీ తగ్గలేదు, నిలబడే నేర్పూ తగ్గలేదు. వెతికేవాడు మారాడు. 1995 నాటికి ప్రపంచం మొత్తం మీద 51 పక్షులు మిగిలాయి. ఆ జంతువులు లేని దీవులకు చేర్చి, ఒక్కొక్కదానికీ పేరు పెట్టి కాపాడుతున్నారు కాబట్టి సంఖ్య మళ్లీ పెరిగింది. పక్షిని కాపాడడమంటే దాని రంగు పనికొచ్చే చోటును దానికి తిరిగి ఇవ్వడమేనని ఆ కాపాడేవాళ్లు గ్రహించారు.

మన దగ్గర ఆ ఒప్పందం రెండు వైపుల నుంచి తెగుతోంది. ఒకటి పంజరం. రెక్కలు కత్తిరించి, కమ్మీల వెనక ఉంచిన చిలుక అంతే పచ్చగా ఉంటుంది. ఆ పచ్చ ఇక ఏ పనీ చెయ్యదు. ఆకు లేదు, ఎండ లేదు, దాగడానికి చోటు లేదు. పిల్లి వస్తే గమ్మునున్నా లాభం లేదు. వీధి అరుగు మీద జోస్యం చీటీ తీసే చిలుకను చూసి ఎంత అందంగా ఉందోనని మెచ్చుకుంటాం. మనం మెచ్చుకునే ఆ రంగు అది కనబడకుండా ఉండడం కోసం పుట్టినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పట్టడం, అమ్మడం, పంజరంలో పెట్టడం నేరం. చట్టం కంటే ముందే మనసుకు తట్టవలసిన విషయమని నాకు అనిపిస్తుంది.

మన పెద్దలకు చిలుకకు, ఆకుకు ఉన్న చుట్టరికం తెలుసు. శ్రీవిల్లిపుత్తూరు గుడిలో ఆండాళ్, అంటే గోదాదేవి, చేతిలోని చిలుకను ఏ రోజుకారోజు ఆకులతో, పూలతో కొత్తగా కడతారు. ముక్కుకు దానిమ్మపువ్వు పెడతారు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాసింది ఆ గోదాదేవి కథనే కాబట్టి ఆ చిలుక మనకూ దగ్గరిదే. దేవి చేతికి బంగారు చిలుకను చేయించడం ఎవరికీ కష్టమైన పని కాదు. అయినా ఆకు చిలుకే కావాలనుకున్నారు. ఆకు లేని చిలుక చిలుక కాదని తెలిసినవాళ్లు చేసిన పని అది.

రెండో తెగులు చెట్టుకు పట్టింది. పాలారు పొడుగునా తోలు శుద్ధి చేసే కర్మాగారాల నుంచి వచ్చిన నీరు ఎన్నో ఏళ్లు నేలలోకి ఇంకింది. వేలూరు పౌరుల సంక్షేమ వేదిక వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న తీర్పు చెబుతూ, తోలు పరిశ్రమలున్న ఈ ప్రాంతంలో దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతగానో, పూర్తిగానో పనికిరాకుండా పోయిందన్న లెక్కను ఉటంకించింది. కలుషితం చేసినవారే పరిహారం కట్టాలన్న సూత్రాన్ని మన దేశంలో బలంగా నిలబెట్టిన తీర్పుల్లో అదొకటి. ఆ తీర్పు గురించి మాట్లాడేటప్పుడు నీళ్ల గురించి, పంటల గురించి, మనుషుల రోగాల గురించి మాట్లాడతాం. మాట్లాడాలి కూడా. దానికి నేను ఒకటి కలుపుతాను. తోపు ఎండితే చిలుక దాగే ఆకు పోతుంది. బోడికొమ్మ మీద కూర్చున్న చిలుకంత తేలిగ్గా కనబడే పక్షి ఇంకొకటి ఉండదు.

కొండకు అవతల ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను రాష్ట్రపక్షిగా, వేపను రాష్ట్రవృక్షంగా ఎంచుకుంది. పక్షి పేరు, చెట్టు పేరు పక్కపక్కన ఉండడం నాకు ఎంతో సబబుగా తోస్తుంది. ఒకదాన్ని నిలబెట్టకుండా రెండోదాన్ని నిలబెట్టలేం.

చిలుక వల్ల నేను నేర్చుకున్నది ఇదే. దేని అందాన్నయినా, దేని విలువనయినా దాని చోటు నుంచి ఊడదీసి తూచకూడదు. చోటు మార్చి చూస్తే ఉన్న గుణం కూడా లేనట్టు కనిపిస్తుంది, ఒక్కోసారి ప్రాణం మీదికీ వస్తుంది. కొత్త ఊళ్లో మాట పెగలని మనిషిని చూసినా, పట్నపు బళ్లో వెనక బెంచీలో కూర్చున్న పల్లె పిల్లవాణ్ణి చూసినా, వీడు ఏ చెట్టు పక్షి అని ముందు అడగాలనిపిస్తుంది. ఆ చెట్టు కింద నిలబడి చూస్తే గానీ వాడి రంగు మనకు తెలియదు.

చిలుకల విషయంలో చేయవలసింది కష్టమైనదేమీ కాదు. పంజరంలో చిలుకను కొనకుండా ఉండడం మొదటిది. గట్టు మీద రావిని, వేపను, చింతను అడ్డమని కొట్టకుండా ఉండడం రెండోది. మూడోది తోపుల వాళ్లకు నా మనవి. తల పోయి మొండిగా నిలబడ్డ కొబ్బరిమాను కాపుకు పనికిరాదు, నిజమే. జనవరి నుంచి ఎండలు ముదిరేదాకా దాని తొర్రలో తెల్లటి గుడ్లు, ఆ తర్వాత పిల్లలు ఉండవచ్చు. పడి మనుషులకు, ఇళ్లకు అపాయం కలిగించే చోట లేకపోతే దాన్ని ఇంకొన్నాళ్లు నిలబడనివ్వండి. చిలుక మీద ప్రేమ ఉన్నవాళ్లు ముందు దాని చెట్టుకు కాపలా కాయాలి. దాగే చోటు మనం మిగిల్చితే, దాగే పని అది చూసుకుంటుంది.